పదకొండు గంటల వేళ

జూలై మూడో వారమే.
మాకు మరో వారం లేదు.
మిల్లు గోదాముకి ఏడాదికోసారి తాళం పడేది అప్పుడే,
జెనోన్‌కి సెలవు దొరికేదీ అప్పుడే.

వంటింటి బల్ల మీద తాత్రా కొండల పటం పరిచాను.
మడత దగ్గర చిరిగి
ఒక లోయ రెండు ముక్కలయింది.
మూలలు లేవకుండా ఉప్పు డబ్బా, ఊరేసిన దోసకాయల సీసా,
అతని కళ్లద్దాల పెట్టె,
నాలుగో మూలకి నా మోచెయ్యి.

"జూలైలోనా! మతుండే మాట్లాడుతున్నారా?"
మెట్ల మీద ఎదురైన క్రిస్టీనా గారు సంచి కింద పెట్టి మరీ అడిగింది.
"ఇసకేస్తే రాలదు అక్కడ.
సెప్టెంబరులో వెళ్లండి,
మనిషన్నవాడు కనపడడు."

మేనకోడలు కింగా ఫోన్లో లెక్కలు కట్టింది.
కారు నిలిపే చోటుకి ముందే డబ్బు కట్టాలి,
ఏడు దాటితే చోటుండదు,
మధ్యాహ్నం రెండు దాటితే ఉరుములు.
"అందుకని నాలుగింటికి లేవాలి అత్తా.
తొమ్మిది కిలోమీటర్ల తారురోడ్డు, చల్లగా నడిచేయొచ్చు.
మీరు చేరేసరికి సరస్సు అద్దంలా ఉంటుంది.
చుట్టూ ఎవరూ ఉండరు. మీరిద్దరే."

రాసుకున్నాను.
ఉడికించిన గుడ్లు ఆరు, వానకోట్లు రెండు,
నా మోకాలి పట్టీ, టీ ఫ్లాస్కు.
'నాలుగు గంటలు' అన్న మాట కింద
రెండు గీతలు గీశాను.

జెనోన్ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు.

పందొమ్మిదేళ్లుగా రాత్రి కాపలా.
నేను పనికి బూట్లు తొడుక్కునే వేళకి
అతను బూట్లు విప్పుతాడు.
కిటికీకి దుప్పటి మేకులతో కొట్టి
పగటిని బయట నిలబెడతాడు.
మా పక్క ఇన్నేళ్లలో చల్లారింది లేదు,
ఒకరు లేచిన వెచ్చదనంలో ఒకరం పడుకుంటూ వచ్చాం.

"నాలుగు గంటలు నాకు తెలుసు హలీనా," అన్నాడు.
"ఏ గొట్టం వెనకనించి ఎలుక వస్తుందో,
ఏ బల్బు ముందు గుడ్డిదవుతుందో అంతా తెలుసు.
ఎవరూ లేని చోటు ఎట్లా ఉంటుందో
జీతమిచ్చి మరీ చూపించారు.
నాకు పదకొండు గంటలు చూపించు."

కొట్టేశాను.
పగటి రైలు. కొండ కిందిదాకా మినీబస్సు, నిలబడైనా సరే.
పదకొండుకి సరస్సు.
కింగాకి చెబితే అటువైపు కాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"మావయ్యా, అప్పుడు ఆపిల్ కేకు కోసమే
నలభై నిమిషాలు క్యూలో నిలబడాలి!"
"నలభై నిమిషాలా?" అన్నాడు.
ఆ గొంతులో
బోనస్ ప్రకటించిన రోజు కూడా అంత వెలుగు వినలేదు నేను.

"క్యూలో ఎవరుంటారు?" అని నన్నడిగాడు.
నేను మటుకు ఎప్పుడు చూశాను?
పద్నాలుగేళ్ల వయసులో బడివాళ్లతో వెళ్లినప్పటి సంగతే చెప్పాను.
టెన్నిస్ బూట్లేసుకున్న సన్యాసినులు,
చంటిపిల్ల బండిని నెత్తిన మోసుకొచ్చే తండ్రి,
పొగబెట్టిన జున్ను బేరమాడే ముసలమ్మ,
నీళ్లలో కాలు పెట్టి కెవ్వుమనే పసుప్పచ్చ టోపీల పిల్లలు.
కొండదారిలో ఎదురుపడ్డ ప్రతివాళ్లూ పలకరిస్తారని,
ముక్కూమొహం తెలియకపోయినా.

"ప్రతివాళ్లూ?"
"ఆఁ."
"అందరికీ బదులివ్వాలా?"
"ఇవ్వాలి మరి."
"ఉరుములొస్తే?"
"అందరితో పాటే తడుస్తాం."

పటం మడిచాను, ఈసారి వేరే మడత మీద.
గుడ్లు ఆరు చాలవేమో,
ఎవరికైనా ఇవ్వాల్సొస్తే.
పదీ అని దిద్దాను.

స్నానాల గదిలో నీళ్లు పడుతున్న చప్పుడు,
గడ్డం గీసుకుంటున్నాడు డ్యూటీకి.
"జెన్ దోబ్రి," అన్నాడు అద్దంతో.
గొంతు సవరించుకుని, ఇంకాస్త గట్టిగా,
"జెన్ దోబ్రి."

బయట చీకటి పడుతోంది.
నేను వంటింట్లోంచి బదులిచ్చాను.
నీళ్లు ఆగాయి.
మళ్లీ అన్నాడు.